గూడు ఖర్చు

1996 నవంబరు 6న తుపాను కోనసీమనూ యానాన్నీ ఊపేసి వెళ్లాక, మా బ్యాంకు గుమ్మం ముందు పడవలు పోగొట్టుకున్నవాళ్లు బారులు తీరారు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్లు. బీకాం పట్టా, చేతిలో ఎర్ర సిరా కలం. ఈ రెండూ ఉంటే లోకంలో ఏది అవసరమో, ఏది దండగో తేల్చేయవచ్చని గట్టి నమ్మకం.

వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన, పడవ కట్టే మేస్త్రి చేత అంచనా రాయించి తెచ్చాడు. కలప, మేకులు, తారు, తెరచాప, తెడ్లు. చివర ఒక పద్దు: ‘గూడు – వెదురు, తాటాకు చాపలు, కొబ్బరి తాడు – 1,200 రూపాయలు.’

మా ఊళ్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా మా మంజూరు కాగితాలు మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. పద్దులన్నీ మార్చుకుంటూ వచ్చి గూడు దగ్గర ఆగాను. నిఘంటువు తిరగేసి ‘కేనపీ’ అని రాశాను. రాశాక ఆ మాట వంక చూస్తే పెళ్లి ఊరేగింపులో కారు మీద కట్టే పూల పందిరి గుర్తొచ్చింది. చేపలు పట్టేవాడికి పందిరెందుకు? ‘ఆదాయం తేని ఖర్చు’ అని పక్కన రాసి, అడ్డంగా గీత కొట్టేశాను.

“గూడు లేకపోతే ఎలాగండి బాబుగారూ?” అన్నాడాయన.

“ముందు పడవ రానీవయ్యా, షోకులు తర్వాత చూసుకోవచ్చు” అన్నాను.

ఆయన మారు మాట్లాడలేదు. వేలిముద్ర వేసి వెళ్లిపోయాడు.

ఏప్రిల్లో కొత్త పడవలు చూసి రిపోర్టు రాయడానికి రేవుకు వెళ్లాను. గౌతమి నుంచి కోరంగి నది చీలే చోటు మాది. మిట్టమధ్యాహ్నం ఆ నీటి మీద ఎండ పైనుంచే కాదు, కింద నుంచి కూడా కొడుతుంది. పెద్దాయన పడవలో రెండు తెడ్లు నిలబెట్టి వాటికో పాత చీర కట్టారు. దాని కింద పసిపిల్ల నిద్రపోతోంది. ఎండ జరిగినప్పుడల్లా ఆయన కోడలు పిల్లను నీడలోకి జరుపుతోంది. ఆమె కదిలినప్పుడల్లా కాళ్ల పట్టీలు చప్పుడవుతున్నాయి. ఓ మూల మట్టిపొయ్యి, అన్నం గిన్నె, చుట్టిన పక్క, దండెం మీద నాలుగు బట్టలు.

“ఇల్లెక్కడ?” అని అడిగాను, రిపోర్టులో చిరునామా రాయాలి కనక.

“ఇదేనండి. ఒడ్డునున్న పాక గాలివానకి పోయింది కదండి. అదున్నప్పుడైనా నెలకి ఇరవై రోజులు నీటి మీదేనండి.”

కూడు, గూడు, గుడ్డ అని చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. కాగితం మీద పడగానే దాన్ని నేను పోల్చుకోలేకపోయాను.

మా పైఅధికారికి చెబితే ‘మంజూరైపోయిన ఫైలు, ఇప్పుడేం కదపలేం’ అన్నారు. ఆదివారం నా జీతంలోంచే 1,200 జేబులో పెట్టుకుని రేవుకు వెళ్లాను. అప్పటికే ఒడ్డున పచ్చి వెదురు, చాపలు, తాడు దించి ఉన్నాయి. కోడలి కాళ్లు బోసిగా ఉన్నాయి.

డబ్బు తీయబోతే పెద్దాయన, “పనైపోయిందండి. ఆ చివర కాస్త పట్టుకోండి” అన్నాడు.

పట్టుకున్నాను. వెదురును బద్దలుగా చీల్చి, తడి ఆరకముందే విల్లులా వంచి, ఒక్కో కొసను ఒక్కో అంచుకు కట్టారు. వాటి మీద నిలువుగా సన్నబద్దలు. ఆపైన చాపలు, కింది దాని మీద పై చాప అంచు పడేలా, ఇల్లు నేసినట్టే. మేకు ఒక్కటీ లేదు, అన్నీ తాడు కట్లే. ఎందుకని అడిగితే, గాలి లేచినప్పుడు గూడు తెరచాపలా పట్టుకుని పడవను తిరగేస్తుందనీ, అప్పుడు కట్లు కోసి గూడును వదిలేస్తే ప్రాణాలు దక్కుతాయనీ చెప్పాడు. ముందూ వెనకా మూయలేదు. అటు గాలి పోవాలి, ఇటు పొయ్యి పొగ పోవాలి.

ఎత్తుకు మాత్రం టేపు లేదు. కోడలిని లోపల కూర్చోమన్నాడు, తల తగలకూడదు. కొడుకును వెనక గడ పట్టుకుని నిలబడమన్నాడు, గూడు మీదుగా నీటిదారి కనబడాలి. ఆ ఇద్దరి మధ్య ఎంత ఉందో అంతే ఎత్తు.

ఆ తర్వాత ఏ పడవ అప్పు కాగితం నా బల్ల మీదికి వచ్చినా గూడును విడి పద్దుగా రాయనివ్వలేదు. ‘గూడుతో సహా పడవ’ అని ఒకే ధర వేయించాను. విడిగా కనిపిస్తే గీత కొట్టడానికి నాలాంటివాడు ఇంకొకడు ఉంటాడు.

తర్వాత ఎన్నో ఊళ్లకు బదిలీ అయ్యాను. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన తెరిచాక రేవు దాటడానికి పడవ కోసం కాచుకునే పనీ లేకపోయింది. ఈమధ్య వెళ్లినప్పుడు వంతెన దిగి రేవు దాకా నడిచాను. ఓ పడవకు వెదురు బదులు ప్లాస్టిక్ గొట్టాలు వంచి, నీలి బరకం కప్పారు. చాప కన్నా ఎక్కువ కాలం ఆగుతుందట, కాని లోపల ఉక్క ఎక్కువట. ఒక ఆడమనిషి దాని కింద కూర్చుని వల బాగుచేస్తోంది. వెనక కుర్రాడు గడ వేస్తున్నాడు. ఆమె తల పైకీ, అతని చూపు కిందికీ మధ్య గూడు సరిగ్గా సరిపోయింది.