బదనిక బతికింది... అనుకుంటా

జన్నారం దగ్గర మా ఊళ్ళో (ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల) బాపు పెట్టిన మామిడిచెట్టు గాలివానకు పడిపోయింది. బాపు పోయి మూడేళ్ళు. చెట్టుమీది బదనికను మాత్రం కొమ్మముక్కతో సహా కోసి, కరీంనగర్ ఇంటికి తెచ్చి వేలాడదీశాను.

మావాళ్ళకు చెట్టుమీద పెరిగేదల్లా బదనికే. చెట్టు రసం పీల్చేది వేరే. ఇది వాండా టెస్సెల్లేటా అనే ఆర్కిడ్, ఊరికే కొమ్మ పట్టుకుని కూర్చుంటుంది.

వర్క్ ఫ్రం హోమ్ ఉన్న నెలరోజులూ అతిప్రేమతో నడినెత్తిన నీళ్ళు పోశాను. కొస కుళ్ళింది. వాండా పెరిగేదే ఆ కొసతో! "ఇగ పారెయ్‌రాదురా" అంది అమ్మ.

కానీ ఆకు కాండాన్ని పట్టుకున్న చోట నిద్రపోతున్న మొగ్గలుంటాయి (మన బ్యాకప్ సర్వర్లలాగా). పైకొస పోయాక లేస్తే అవే లేవాలి. నేను హైదరాబాద్ వచ్చేశాక, రెండునెలలకు కింది ఆకు దగ్గర బియ్యపుగింజంత బుడిపె కనిపించింది. వేరా, పూగెలా, పిలకా? కొస గుండ్రంగా, నున్నగా ఉంటే వేరు. కాస్త చదునుగా, పొలుసులు కప్పుకుని ఉంటే పూగెల. రెండు ఆకులుగా చీలితే పిలక. మొదట్లో మూడూ ఒకేలా ఉంటాయి, అదే బాధ.

రోజూ అమ్మను ఫోటో పంపమని సతాయించా. "నన్ను గూడ గిట్ల రోజు అడిగితె బాగుండు" అంది ఓసారి. ఏం మాట్లాడాలో తెలీలేదు.

నిన్నటి ఫోటోలో కొస చీలింది. కింద అమ్మ వాయిస్ మెసేజ్: "పిలకనేరా. ఇగ నువ్వే అచ్చి చూస్కో."