సాగర్ నడుమ లంక

చుట్టూ నీళ్ళే. ఎటు తిరిగినా నీళ్ళే. లాంచి దిగి పదడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసి, నా నేస్తం చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ఒసేయ్, మనం లంక మీదున్నామే!" అన్నాను. అది ఒక్క మాటా మాట్లాడలేదు. నీళ్ళకేసి అలా చూస్తూ నిలబడిపోయింది.

మాది నరసరావుపేట దగ్గర నల్లరేగడి పల్లె. దానిది దర్శి వైపు, నాగార్జునసాగర్ కుడికాలువ చివరి భూములు. ఒకే ఊళ్ళో పుట్టి, ఒకే బడిలో చదివి, పెళ్ళిళ్ళయ్యాక చెరో దిక్కుకి వెళ్ళాం. అప్పటినుంచి మా మాటల్లో సగం నీళ్ళ గురించే. మేజర్ కాలువకి వదిలారా, మీ మైనర్ దాకా వచ్చిందా, ఈసారి వంతు ఎప్పుడు, లస్కర్ ఏమన్నాడు, మీ ఊరి మంచినీళ్ళ చెరువు నిండిందా. మా వైపు కాలువ నిండుగా పారే రోజున కూడా దాని పొలం తూము దగ్గర మట్టి నెర్రెలిచ్చి ఉంటుంది. 203 కిలోమీటర్ల కాలువ మరి. మిరప నాట్లు వేసి, ఇవాళో రేపో నీళ్ళొస్తాయని గట్టుమీద కూర్చుని ఎదురుచూసిన మనిషి అది. దానికి నీళ్ళంటే కొలిచి ఇచ్చే వస్తువు. అలాంటి మనిషిని తీసుకెళ్ళి అంతులేని నీళ్ళ మధ్య నిలబెట్టాను. మాట ఎక్కడినుంచి వస్తుంది?

చిన్నప్పుడు బడివాళ్ళు బస్సులో తీసుకెళ్ళి డ్యామ్ చూపించారు. గేట్లు లెక్కపెట్టాం, ఇరవై ఆరు. అంతే. లాంచి ఎక్కలేదు. ఆ తరవాత సంసారాలు, సేద్యాలు. మా ఇళ్ళలో పిల్లలు అండమాన్ వెళ్ళారు, ఒకడు పెళ్ళాన్ని తీసుకుని మాల్దీవులు కూడా వెళ్ళొచ్చి ఫోన్లో ఫోటోలు చూపించాడు. ద్వీపమంటే విమానం ఎక్కి వెళ్ళేదనే నమ్మాను ఇన్నాళ్ళూ. మా మాచర్ల దాటితే ఒకటుందని, అదీ మా కాలువ నీళ్ళ నడిబొడ్డునే ఉందని, ఎంత గొప్పదో ఎవరూ నాకు చెప్పలేదు. అందుకే ఇప్పుడు నేను అందరికీ చెబుతున్నాను.

కార్తీకంలో రెండు రోజులు వాన పట్టి పత్తి తడిసింది. ఆరేదాకా తీయడానికి లేదు. "రావే, వనభోజనం చేద్దాం" అని ఫోన్ చేశాను. ముందురోజు రాత్రికే వచ్చేసింది. తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, గోంగూర పచ్చడి, పెరుగన్నం కట్టుకుని బయల్దేరాం. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల పొగ, మాచర్లలో టీ, ఆపైన విజయపురి సౌత్‌లో లాంచీల రేవు. (శుక్రవారం లంక మీది మ్యూజియం మూసేస్తారు. వెళ్ళేవాళ్ళు ఆ ఒక్కరోజూ తప్పించుకోండి.)

లాంచి రేవు వదిలాక దాదాపు ముప్పావు గంట ప్రయాణం. సాగర్ నీటిమట్టం 590 అడుగులు, 312 టీఎంసీలు అని పేపర్లో చదివి ఊరంతా సంబరపడతామే, ఆ 590 అంటే ఏమిటో ఆ ముప్పావు గంటలో కళ్ళారా చూశాను. ఒడ్డు దూరమయ్యేకొద్దీ నీళ్ళ రంగు మారుతుంది. రేవు దగ్గర మట్టి పచ్చ, నడిమధ్యకి వచ్చేసరికి నెమలి కంఠం. నల్లమల కొండలు ఒకదాని వెనక ఒకటి లేచి వస్తాయి, దగ్గరివి పచ్చగా, దూరానివి పొగరంగులో. నీటికాకులు మునిగి ఎక్కడో తేలుతున్నాయి. గాలి ఎంత చల్లగా ఉందంటే, మిరపకల్లాల ఘాటు పీల్చిన మా ముక్కులకు అసలు గాలంటే ఇదీ అనిపించింది. నా నేస్తం అంచున కూర్చుని చెయ్యి కిందికి చాచి తుంపరలు పట్టుకుంటూనే ఉంది. "ఇవి మా పొలానికి వచ్చే నీళ్ళేనా?" అంది. అవేనే, అవే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు వదిలింది ఈ నీళ్ళే. అంతకుముందు మనవైపు వానే దిక్కని మా అమ్మ చెబుతుండేది.

ఇంతలో ఎదురుగా నీళ్ళలోంచి లేచినట్టు ఒక కొండ. పైన చెట్లు, పాత కోటగోడల రాళ్ళు. అదే నాగార్జునకొండ. ఒకప్పుడు లోయ మీద ఎత్తుగా నిలిచిన కొండ. నీళ్ళు వచ్చి కింద లోయనంతా కప్పేస్తే, దాని నెత్తి ఒక్కటీ ఇలా లంకగా మిగిలింది.

మ్యూజియంలో మమ్మల్ని కదలనివ్వనిది ఒకటుంది. మునిగిపోయిన లోయ నమూనా. ఇక్కడ స్తూపాలు, ఇక్కడ విహారాలు, ఇక్కడ కృష్ణ ఒడ్డున మెట్లు, ఇక్కడ జనం కూర్చుని ఆటలు చూసిన రంగస్థలం, ఇదిగో ఈ కొసన కొండ. ఇది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలది. 1926లో దాని జాడ బయటపడింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు పునాదిరాయి వేశారు. లోయ మునగబోతోందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా పురావస్తు నిపుణుడు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. కాలానికి ఎదురీదుతూ చేసిన తవ్వకం అది. కొన్ని కట్టడాలను విప్పి, కొండెక్కించి, మళ్ళీ పేర్చారు. ఎవరా మనుషులు! వాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మేం లాంచిలో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని దాటి వచ్చింది ఒక పట్నం మీదుగా. అది తెలిశాక ఒళ్ళు జల్లుమంది.

శిల్పాలు లేత ఆకుపచ్చ రాతివి. పల్నాటి సున్నపురాయి. పొద్దున పిడుగురాళ్ళలో బట్టీలో కాలుతున్నదీ సున్నపురాయే కదా! మన నేలలోని రాయే ఇక్కడ ప్రశాంతమైన బుద్ధుడి ముఖమైంది, గుసగుసలాడుకునే ఆలుమగలైంది, కోటు తొడుక్కున్న శక సైనికుడైంది. నా నేస్తం ఒక రాతి ఆడమనిషి మొలనూలు దగ్గర వంగి ఎంతసేపు చూసిందో. "మా అమ్మమ్మ వడ్డాణం ఇలాగే ఉండేదే" అంది.

ఇంకో సంగతి. ఇక్కడ కట్టించినవాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు! రాజు శాంతమూలుడి సోదరి శాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చింది. బోధిసిరి అని ఒక ఉపాసిక, రాణి కాదు, తామ్రపర్ణి నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి ఆ మాట శాసనం మీద చెక్కించింది. తామ్రపర్ణి అంటే సింహళం. లంక! పదిహేడు వందల ఏళ్ళ కిందట ఒక లంక మనుషులు మన కృష్ణ ఒడ్డుకు వచ్చి ఉన్నారు. ఇప్పుడు ఆ చోటే ఒక లంకయింది. నాకు ఆ మాట చదివిన దగ్గర్నుంచి కాళ్ళు నేలమీద నిలవలేదు. తిరుగు లాంచిలో ముక్కూమొహం తెలియని ఇద్దరు అమ్మాయిలను ఆపి మరీ బోధిసిరి గురించి చెప్పాను.

మధ్యాహ్నం, లోయలోంచి పైకి తెచ్చి పేర్చిన స్నానఘట్టం దగ్గర, చెట్టు నీడన అరిటాకులు పరిచాం. రాజులు యజ్ఞం చేసి మునకవేసిన మెట్లట. పక్కన ఎవరూ లేరు. గాలికి ఆకు ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుని తిన్నాం. గోంగూరలో మా తోట పండుమిరపకాయ ఘాటు తగిలి ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు, అయినా నవ్వు. నా నేస్తం నాతో అంతసేపు కూర్చుని నీళ్ళ బాధ, అప్పుల బాధ ఎత్తకుండా మాట్లాడటం పెళ్ళయ్యాక అదే మొదలు. బడిలో పాడుకున్న పాటలు గుర్తు తెచ్చుకుంది. ఎనిమిదో తరగతిలో నా జడకు కట్టిన ఎర్రరిబ్బను కూడా దానికి గుర్తుంది!

తిరిగొచ్చి ఒడ్డున అనుపు కూడా చూశాం. లోయలోని రంగస్థలాన్ని అక్కడ తిరిగి కట్టారు. నడిమధ్య నిలబడి చప్పట్లు కొడితే పై మెట్టు మీద కూర్చున్న దానికి స్పష్టంగా వినిపించిందట. "ఇంకోసారి కొట్టవే, ఇంకోసారి" అని పైనుంచి చిన్నపిల్లలా కేకలు. ఎత్తిపోతల జలపాతం మాత్రం చీకటి పడుతుందని వదిలేశాం. అదీ మంచిదే. మళ్ళీ రావడానికి సాకు ఉంది.

అసలు సంగతి మరిచాను. కొండ దిగి లాంచి ఎక్కేముందు, రేవు మెట్ల మీద అది ఆగింది. తాగి ఖాళీ చేసిన సీసా తీసి, వంగి, నిండా ముంచింది. "ఎందుకే?" అన్నాను. "ఈసారి మా పొలానికి నీళ్ళు నేను తీసుకెళ్తా" అంది. మూత బిగించి, కొంగుతో తుడిచి, దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది. మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది. మిరపతోటలో మొదటి సాలు మొదటి మొక్కకు పోసిందట.