ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు?

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు రెండు రకాలు. కొత్తది కొనే డబ్బు లేక కొనేవాళ్లు ఒక రకం. డబ్బుండీ, ఆ డబ్బుకి వచ్చే కొత్త కారు మనసుకి నచ్చక, పదేళ్లనాటి పెద్ద కారు కోసం వెతికేవాళ్లు ఇంకో రకం. నిజాంపేటలో ఉండే ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రెండో రకం. వయసు నలభై రెండు. ఎనిమిది, తొమ్మిది లక్షలు పెడితే షోరూంలోంచి చిన్న కారు నిక్షేపంలా వస్తుంది. ఆయనకి అది వద్దు. స్కోడా ఆక్టేవియానే కావాలి. అదీ 2013లో మన దేశంలోకి వచ్చిన మూడో తరం కారు. చూడ్డానికి బుద్ధిగా ఆఫీసుకెళ్లే గుమాస్తాలా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే గానీ దాని అసలు సంగతి తెలీదు.

రెండు నెలలు వెతగ్గా వెతగ్గా రెండు కార్లు తేలాయి. రెండూ 2015వే, రెండూ తెల్లవే, రెండూ ఆటోమేటిక్కే. ఒకటి 1.8 లీటర్ల టర్బో పెట్రోలు. అడిగింది 7 లక్షల 90 వేలు. రెండోది 2 లీటర్ల డీజిలు. 8 లక్షల 75 వేలు. రెండూ ‘డాక్టరుగారు వాడిన బండి’ అనే చెప్పారు అమ్మేవాళ్లు. సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఈ మాట ఎంతగా వినిపిస్తుందంటే, ఇంతమంది డాక్టర్లుండగా ఆసుపత్రుల్లో ఆ క్యూలెందుకో అర్థం కాదు!

ముందు పెట్రోలు కారు నడిపి చూశారు. 180 హార్స్‌పవర్. ఔటర్ రింగు రోడ్డు మీదికి ఎక్కే ర్యాంపు దగ్గర కాలు కాస్త గట్టిగా ఆనించారో లేదో, సీటు వీపుని పట్టి నెట్టినట్టు ముందుకి ఉరికింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. వెనక చక్రాలకి మల్టీలింక్ సస్పెన్షన్ ఉంది. ఆక్టేవియా డీజిలుకి ఆ ఏర్పాటు లేదు. మలుపులో ఆ తేడా తెలుస్తూనే ఉంది. ఇంజినీరింగు చదివే రోజుల్లో కార్ల పత్రికలు పాతవి కొనుక్కొచ్చి, బొమ్మలు కత్తిరించి హాస్టలు గోడకి అంటించిన మనిషికి ఇంకేం కావాలి? దిగేటప్పటికి మొహం వెలిగిపోతోంది.

మర్నాడు డీజిలు. 143 హార్స్‌పవరే. కాగితం మీద చూస్తే పెట్రోలు ముందు చిన్నబోవాలి. కానీ పవరు వేరు, లాగే బలం వేరు. ఇంజిను నిమిషానికి 1750 చుట్లు తిరిగేసరికే 320 న్యూటన్ మీటర్ల టార్కు వచ్చేస్తుంది. పెట్రోలుకి అది 250 దగ్గరే ఆగిపోతుంది. అంచేత ముందున్న లారీని దాటాలంటే ఇంజిన్ని అరిపించనక్కర్లేదు, కాలు ఊరికే ఆనిస్తే చాలు. పొద్దున స్టార్టు చేసినప్పుడు మాత్రం టకటకమంటుంది. ‘మీ నాన్నగారి బస్సులాగుంది’ అంది భార్య, వెనక సీట్లోంచి.

ఆయన తండ్రి ఆర్టీసీలో ముప్ఫై ఒక్కేళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్భై నాలుగు. అద్దంకికి దగ్గర్లోని పల్లెలో ఒక్కరే ఉంటున్నారు. భార్య పోయి మూడేళ్లయింది. హైదరాబాదు రమ్మంటే ‘ఇక్కడ గేదె ఉంది’ అంటారు. గేదెని అమ్మేసి ఏడాది దాటింది!

కార్లు రెండూ చూశాక అసలు వ్యవహారం మెకానిక్కు చేతికొచ్చింది. స్కానరు పెట్టి చూశాడు, కిందికి దూరి చూశాడు, మీటరు తిప్పారేమోనని సర్వీసు కాగితాలన్నీ వరసగా పెట్టి కిలోమీటర్లు సరిపోల్చాడు. ‘ఇంజిన్లు రెండూ మంచిగనే ఉన్నయ్ సార్. చూసుకోవాల్సింది గేర్‌బాక్సు’ అన్నాడు.

కొనేవాళ్లు చాలామంది తెలుసుకోని ముచ్చట ఇక్కడే ఉంది. రెండింటికీ డీఎస్‌జీ అనే పేరే ఉన్నా లోపలి సరుకు వేరు. పెట్రోలుకి ఏడు గేర్లు, క్లచ్చులు పొడిగా ఉంటాయి. డీజిలుకి ఆరు గేర్లు, క్లచ్చులు నూనెలో మునిగి ఉంటాయి. అడుగు వేసి ఆగుతూ, ఆగి అడుగు వేస్తూ పోయే ట్రాఫిక్కులో పొడి క్లచ్చులు వేడెక్కి అరుగుతాయి. నూనెలో ఉన్నవి ఆ వేడిని తట్టుకుంటాయి. ఈ ఏడు గేర్ల పెట్టె వల్లే 2013లో చైనాలో 3.84 లక్షల కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. తర్వాత దిద్దుబాట్లు జరిగాయి. ఏళ్ల తరబడి మొరాయించకుండా తిరుగుతున్న కార్లూ బోలెడు. కానీ పాడైతే మాత్రం ఖర్చు లక్ష దాటుతుందన్నాడు మెకానిక్కు. డీజిలుకి ఆ బాధ తక్కువ గానీ, గేర్‌బాక్సు నూనె 60 వేల కిలోమీటర్లకోసారి మార్చి తీరాలి. ఆ బిల్లు ఉందో లేదో అడగమన్నాడు. ఉంది. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు లేదు. పెట్రోలుకి బెల్టు కాదు, చైను.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2025 నాటికి బంకుల్లో పోస్తున్న పెట్రోల్లో 20 శాతం ఇథనాలే. పదేళ్లనాటి కారు దానికోసం తయారైంది కాదు. మైలేజీ కొంత పడుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. అలాగని డీజిలుకి ఎదురు లేదనుకోవద్దు. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక స్కోడా మన దేశంలో డీజిలు కార్ల అమ్మకమే మానేసింది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బళ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాటంది. ఇక్కడ అలాంటిదేం లేదు గానీ, రేపెప్పుడైనా అమ్మబోతే బేరం ఎలా ఉంటుందో?

ఇలా ఎటూ తేలనప్పుడు సాఫ్ట్‌వేర్ మనిషి ఏం చేస్తాడు? ఎక్సెల్ తెరుస్తాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొగుడూ పెళ్లాం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. అప్పటికి హైదరాబాదులో లీటరు పెట్రోలు 107 రూపాయలు, డీజిలు 95. సగటున పెట్రోలు బండి పది కిలోమీటర్లు, డీజిలుది పద్నాలుగు ఇస్తుందనుకున్నారు. కిలోమీటరుకి తేడా 3 రూపాయల 90 పైసలు. ఇక కావాల్సింది ఒక్కటే. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు?

వారానికి మూడు రోజుల ఆఫీసు, బజారు, చుట్టాలిళ్లు కలిపి ఆరు వేలు. దాని కింద ఆయన ‘ఊరు’ అని రాశారు. రానూ పోనూ 600 కిలోమీటర్లు. ‘నెలకి రెండుసార్లు వేద్దాం’ అన్నారు. 14,400. మొత్తం ఇరవై వేలు దాటింది. డీజిలుతో ఏడాదికి 80 వేలు మిగులు. ఎక్కువ పెట్టిన 85 వేలు పదమూడు నెలల్లో వచ్చేస్తాయి. లెక్క తేలిపోయింది!

ఆవిడ ఏమీ అనలేదు. ఫోను తీసి, ఇప్పుడున్న పాత కారు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తెరిచింది. విజయవాడ రోడ్డులో ఊరికెళ్లాలంటే పంతంగి టోల్‌గేటు దాటక తప్పదు. ఏడాది మొత్తంలో పంతంగి పేరు పదిసార్లు ఉంది. అంటే ఐదు ప్రయాణాలు. అందులో ఒకటి బెజవాడలో ఆవిడ పిన్ని కూతురి పెళ్లి. ‘నాలుగండీ’ అంది మెల్లగా.

ఆయన స్క్రీన్ వంకే చూస్తూ ఉండిపోయారు. నెలకి రెండుసార్లన్నది అబద్ధం చెప్పాలని చెప్పిన మాట కాదు. వెళ్తున్నాననే అనుకుంటున్నారు. ప్రతి శనివారం ‘వచ్చే వారం వస్తా నాన్నా’ అని ఫోన్లో చెబుతూనే ఉన్నారు మరి! చెప్పినవన్నీ వెళ్లినట్టే లెక్కలో కలిసిపోయాయి. నాలుగు వేస్తే మొత్తం 8,400 కిలోమీటర్లు. మిగులు ఏడాదికి 33 వేలే. 85 వేలు తిరిగి రావడానికి రెండేళ్ల ఏడు నెలలు పడుతుంది. ఆ అంకె ప్రకారం హాయిగా పెట్రోలు కొనుక్కోవచ్చు. మనసుకి నచ్చింది కూడా అదేనాయె. కానీ ఆ గడిలో 4 అని టైపు చెయ్యడానికి చెయ్యి రాలేదు.

‘డీజిలు కొంటే ఊరికెళ్తామా? ఊరికెళ్లేదుంటే డీజిలు కొంటామా?’ అంది ఆవిడ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

ఆ సాయంత్రం తండ్రికి ఫోన్ చేశారు. టోల్‌గేట్ల సంగతి చెప్పలేదు. ఇంజిన్ల సంగతే అడిగారు. పెద్దాయనకి ఉత్సాహం వచ్చేసింది. ‘డీజిలు ఇంజినుకి పని గావాల్రా. సిటీలో ఆఫీసుకీ ఇంటికీ తిప్పితే లోపల మసి పట్టుద్ది. మా డిపోలో ఊళ్లో తిరిగే బండ్లకి పొగ ఎక్కువ, హైదరాబాదు సర్వీసుకి తిరిగే బండ్లు గంటలాగుండేయి. దూరం తోలేదుంటే డీజిలు దీసుకో. లేదా, పెట్రోలే మంచిది.’ ఒక్క క్షణం ఆగి, ‘నీకు యాడ కుదురుద్దిలే అబ్బయ్యా. పెట్రోలే దీసుకో’ అన్నారు.

ఫోన్ పెట్టేశాక మళ్లీ ఎక్సెల్ దగ్గరికొచ్చి ఊరు పక్కన 12 అని కొట్టారు. నెలకొకటి. మొత్తం 13,200 కిలోమీటర్లు, మిగులు 51 వేలు, ఇరవై నెలలు. డీజిలు సర్వీసింగు ఖర్చులు, బెల్టు మార్పిడి కలిపితే ఇంకాస్త పడుతుంది. లెక్క అటూ ఇటూ కాకుండా మధ్యలో నిలబడింది. అటువైపు మొగ్గేలా చేసింది నూనెలో మునిగిన క్లచ్చులని ఆయన అంటారు. ఆవిడ మాత్రం నవ్వి ఊరుకుంటుంది.

బెల్టు పేరు చెప్పి 30 వేలు తగ్గించుకుని, 8 లక్షల 45 వేలకి డీజిలు తెచ్చారు. పెట్రోలు కారు నాలుగు రోజుల్లోనే ఎవరో పట్టుకుపోయారు. అమ్మకం ప్రకటన తీసేసేవరకూ దాని ఫొటోలు రోజూ చూస్తూనే ఉన్నారాయన. ఆ ర్యాంపు మీద ఉరుకు డీజిలులో లేదు, ఎప్పటికీ రాదు.

బెల్టు మార్పించి, రెండో శనివారం తెల్లవారుజామున బయల్దేరారు. నార్కట్‌పల్లి దగ్గర ఎడమ పక్కన విజయవాడ దారి వదిలేసి అద్దంకి రోడ్డు పట్టారు. వాడపల్లి దగ్గర కృష్ణ దాటేసరికి ఎండొచ్చింది. పదిన్నరకల్లా ఇంటి ముందున్నారు.

పెద్దాయన ముందు బానెట్ మీద చెయ్యి వేసి ఇంజిను చప్పుడు విన్నారు. తర్వాత డిక్కీ తెరిపించారు. అద్దంతో సహా పైకి లేస్తుంది, 590 లీటర్ల జాగా. ‘రెండు బియ్యం బస్తాలు ఈజీగా పడతాయి’ అని తేల్చారు. ఆ తర్వాత నోరు తెరిచి అడక్కుండా డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డారు. లైసెన్సు ఇంకా రెన్యువల్ చేయించుకుంటూనే ఉన్నారని కొడుక్కి అప్పుడే తెలిసింది.

చెరువుకట్ట దాకా వెళ్లొచ్చారు. ముప్ఫై కిలోమీటర్ల స్పీడు దాటలేదు. ముప్ఫై ఒక్కేళ్ల అలవాటు మరి, బ్రేకు తొక్కినప్పుడల్లా ఆయన ఎడమ కాలు లేని క్లచ్చు కోసం వెతుకుతూనే ఉంది. ఇంటి ముందు ఆపి, రెండు కాళ్లూ చూసుకుని, కొడుకుని అడిగారు: ‘మరి దీనికి ఏం పనిరా?’