నాలుగు మిల్లీమీటర్ల మర

మేడ్చల్ హైవే దిగి పారిశ్రామికవాడ లోపలికి తిరిగితే పెద్ద షెడ్ల పక్కనే చిన్న చిన్న జాబ్ వర్క్ షాపులుంటాయి. ఒక లేత్, ఒక పిల్లర్ డ్రిల్లింగ్ మిషను, ఒక గ్రైండరు, బెంచీకి బిగించిన వైసు. పెద్ద కంపెనీల మిషన్లు ఆగిపోయినప్పుడు కావలసిన బుష్షో, పిన్నో అప్పటికప్పుడు చేసిచ్చేది వీళ్లే. శామీర్‌పేట వైపు పిల్లలకు షూటింగ్ నేర్పే ఒక కోచ్ తన ఎయిర్ రైఫిల్‌ను అలాంటి షాపుకే తెస్తున్నాడని తెలిసి నేనూ వెళ్లాను. ఆయనతో పాటు ఆ రైఫిల్‌తో సాధన చేసే పదో తరగతి అమ్మాయి కూడా వచ్చింది.

సమస్య చూడ్డానికి చిన్నదే. గురి చూసే వెనక సైటు కూర్చునే పట్టాలాంటి రైలును రైఫిల్ నడిమి భాగమైన రిసీవర్‌కు నాలుగు స్క్రూలతో బిగిస్తారు. చివరి స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. రిసీవర్ అల్యూమినియంది, స్క్రూ ఉక్కుది. లోపల మర పోయింది.

షాపు మేస్త్రి మొదట స్క్రూ గురించి అడగలేదు. "గాలి తీసిన్రా?" అన్నాడు. ఈ రకం రైఫిల్ సిలిండర్లో దాదాపు 200 బార్ల ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో రెండు మూడు బార్లకు మించదు. కోచ్ ముల్లు సున్నా మీదున్న గేజీ చూపించాడు, బోల్టు వెనక్కి లాగి లోపల గుండు లేదనీ చూపించాడు. అప్పుడుగానీ మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకోలేదు. "లైసెన్సు తుపాకి అయితే నేను ముట్టను సార్. గాలిది గనక చూస్తున్న" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీకే కాదు, మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి. 4.5 మి.మీ. బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్ సంగతి వేరు.

ఒక్క స్క్రూ వదులైతే కొంపలేం మునుగుతాయని అనిపించవచ్చు. పది మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అక్కణ్నుంచి ఒక్కో వలయం రెండున్నర మిల్లీమీటర్లు. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 65 సెంటీమీటర్లనుకుంటే, వెనకది మి.మీ.లో పదో వంతు జరిగినా గుండు ఒకటిన్నర మి.మీ. పక్కకు పోతుంది. అంటే 0.6 పాయింటు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచాడు. రజతం వచ్చిన ఇటలీ షూటర్ స్కోరు 701.5. తేడా 0.4.

"ఏం బిడ్డా, చానా గట్టిగ బిగించినవా?" అని మేస్త్రి అడిగితే "నేను బిగించలే అంకుల్, అట్లనే వచ్చింది" అంది అమ్మాయి. ఆయన వాదించలేదు. వెర్నియర్ తీశాడు. స్క్రూను రైలు రంధ్రంలో పెట్టి అవతలికి ఎంత వచ్చిందో కొలిచాడు. మూడు మిల్లీమీటర్లు. ఇది ఎం4, అంటే నాలుగు మి.మీ. వ్యాసం స్క్రూ. దాని మరల మధ్య దూరం 0.7 మి.మీ., కాబట్టి రిసీవర్లో పట్టుకున్నవి నాలుగంటే నాలుగు మరలు. అల్యూమినియంలో స్క్రూ వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే ఆరు మి.మీ. దిగాలి. "పిల్ల తప్పు కాదు. స్క్రూనే పొట్టిది" అని తేల్చేశాడు. ఆ అమ్మాయి ముఖం చూడాలి.

తర్వాత సన్న కడ్డీతో రంధ్రం లోతు చూశాడు. బోరు తొమ్మిది మి.మీ. ఉంది, మరలు మాత్రం ఆరు దగ్గరే ఆగిపోయాయి. పొడుగు స్క్రూ వేస్తే మిగిలిన మూడు మి.మీ. మరల మీద నిలబడుతుందా అని కాసేపు ఆలోచించి వద్దనుకున్నాడు. ఐదు మి.మీ. స్క్రూకు మారుద్దామంటే రైలునూ కోయాలి. వెల్డింగ్ చేస్తే వేడికి అల్యూమినియం మెత్తబడుతుంది, రిసీవర్ వంకరపోవచ్చు. అరల్డైట్ పోద్దామా అన్న కోచ్ మాటకు తల అడ్డంగా ఊపాడు. చివరికి హెలికాయిల్ తీశాడు. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగను స్ప్రింగులా చుట్టిన ముక్క అది. లోపలివైపు పాత కొలత మరే వస్తుంది, బయటివైపు అల్యూమినియంను మరింత వెడల్పుగా పట్టుకుంటుంది.

ముందు గుండు వెళ్లే దారిలో గుడ్డ కుక్కి పైన టేపు వేశాడు, అల్యూమినియం చిప్పు లోపల పడితే అయస్కాంతానికి రాదు గనక. వైసు దవడలకు రాగి రేకు తొడిగాడు. పక్కన బాగున్న రంధ్రంలో డ్రిల్ బిట్టు కాడ దించి రిసీవర్ నిటారుగా ఉందో లేదో చూశాడు. ఎక్కువ సేపు పట్టింది దీనికే, ఎక్కువ విలువైన పనీ ఇదే. 4.2 బిట్టు వేసి, తొమ్మిది దాటకుండా మిషను స్టాపు బిగించి, బోరు వెడల్పు చేశాడు. మరలు కోసే ట్యాపును చక్ కింద నిలబెట్టి, చుక్క కిరోసిన్ వేసి చేత్తో తిప్పాడు. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. కళ్లు రంధ్రం మీద లేవు. వేళ్లకు తెలిసేది కంటికి తెలియదు.

చిప్పులు ఊది, థిన్నర్‌తో కడిగాక ఆరు మి.మీ. కాయిల్‌ను పైఅంచుకు అర మర కిందికి దించాడు. తీగ కొసన ఉన్న కొక్కేన్ని సన్న పంచితో కొట్టి విరిచి పట్టకారుతో బయటికి తీశాడు. అంతే, ఉక్కు మర తయారు.

ఈ పనితనం ఇక్కడికి ఊరికే రాలేదు. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో మొదలైంది. అక్కడా ఐటీఐల్లోనూ నేర్చుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర పని పట్టుకున్నవాళ్లు హైదరాబాద్ ఉత్తరపు అంచంతా పరచుకున్నారు. 2024లో సైన్యం కొన్న 'అస్మి' మెషిన్ పిస్టల్‌ను డీఆర్‌డీవోతో కలిసి చేసింది కూడా హైదరాబాద్‌కు చెందిన లోకేష్ మెషీన్స్ సంస్థే. అందులోనూ పై రిసీవర్ అల్యూమినియందే. అంత పెద్ద పనికైనా, ఈ షాపులో పనికైనా, ఎక్కడ కోయాలో కన్నా ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం అని నాకు గట్టిగా అనిపించింది.

మిగతా మూడు స్క్రూలనూ మేస్త్రి కొలిచాడు. అవీ పొట్టివే. నాలుగూ మార్చి, ఎలెన్ కీని పొడుగు కొస పట్టి తిప్పొద్దని, పొట్టి కొస పట్టి వేళ్లతో బిగిస్తే చాలని అమ్మాయి చేత చేయించి చూపించాడు. స్క్రూకు, రైలుకు కలిపి తెల్ల పెయింటు గీత గీశాడు. మూడు వందలు తీసుకున్నాడు.

సాయంత్రం శామీర్‌పేటలో ఆ అమ్మాయి పోటీలో లాగే అరవై గుళ్లు కాల్చింది. గీతలు కదల్లేదు. కోచ్ వెంటనే వెర్నియర్ తీసి, బీరువాలోని మిగతా రైఫిళ్ల స్క్రూలు కూడా కొలవమని పిల్లలకు పురమాయించాడు.