వేరే కంచం

మా తమ్ముడు వైద్యానికని విజయవాడలో మా ఇంటికి వచ్చిన రోజు నేను చేసిన మొదటి పని, అటక మీది పాత స్టీలు కంచం, గ్లాసు దించి వాడికి వేరుగా పెట్టడం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

వాడిది కైకలూరు దగ్గర చేపల చెరువుల మీద పని. అంతకు ముందు ఏడాది టీబీ అన్నారు. ఆరు నెలలు వాడాల్సిన మందులు మూడో నెలలోనే ఆపేశాడు. "దగ్గు తగ్గిందిగా అక్కా, ఇంకెందుకు?" అన్నాడు. నేనూ "పోనీలేరా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. సగంలో ఆపితే మందుకి లొంగని క్రిములు మిగిలి, అవే పెరుగుతాయట. పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళాక దగ్గు తిరగబెట్టింది. కఫం పరీక్ష చేస్తే రిఫాంపిసిన్‌కి లొంగని టీబీ అని తేలింది.

మా బాబాయికి పదిహేనేళ్ళ కిందట వచ్చింది ఈ మొండి టీబీయే. రెండేళ్ళ వైద్యం, అందులో నెలల తరబడి కనామైసిన్ ఇంజెక్షన్లు. జబ్బు పోయింది, దాంతోపాటు వినికిడీ పోయింది. ఇప్పటికీ ఫోన్లో ఆయనా అరుస్తారు, మేమూ అరుస్తాం. అందుకే తమ్ముడు డాక్టరుగారిని ముందు అడిగింది చెవుల గురించే. ఇప్పుడు ఆ ఇంజెక్షన్లు అక్కర్లేదన్నారాయన. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మోక్సిఫ్లోక్సాసిన్. నాలుగు రకాల మాత్రలు, ఆరు నెలలు. 2024 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పద్ధతి. మందులు ఉచితం. తిండికి నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు.

బెడాక్విలిన్ మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి మూడు రోజులే, అదీ అన్నం తిన్నాకే. వంటింటి క్యాలెండర్లో సోమ, బుధ, శుక్రవారాలకి సున్నాలు చుట్టాను. మధ్యమధ్య ఈసీజీలు, రక్త పరీక్షలు.

రెండో నెలలో "కాళ్ళ కింద చీమలు పాకుతున్నాయక్కా, నేనివి మింగను" అని మొండికేశాడు. ఈసారి పోనీలే అనలేదు. "నువ్వు ఆపడం కాదురా, పద, డాక్టరుగారికి చెబుదాం" అని ఆటో ఎక్కించాను. అది లినెజోలిడ్ వల్లేనట. ఆయన మోతాదు తగ్గించారు. వైద్యం ఆగలేదు.

ఒకరోజు ఇంటికొచ్చిన టీబీ కార్యకర్త ఆ వేరే కంచం చూసింది. "ఇది కంచాల వల్ల రాదండీ, దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది. ముందు ఆ కిటికీ తెరవండి" అంది. దోమలని వాడి గది కిటికీ నేనే బిగించాను. పిల్లలున్న ఇంట్లో గాలిని మూసేసి, కంచాన్ని దూరం పెట్టానన్నమాట! ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయించి, ఎవరికీ లేదని తెలిసేదాకా నాకు నిద్ర లేదు.

క్షయ అంటే తరిగిపోవడం. దక్షుడి శాపంతో చంద్రుడికి పట్టిందీ అదేనని బి.ఏ.లో చదువుకున్నాం. శ్రావణమాసానికి మందులు పూర్తయ్యేసరికి మా చంద్రుడు 41 కిలోల నుంచి 50కి వచ్చాడు. కఫంలో క్రిమి లేదు.

మొన్న దసరాకి వచ్చాడు. ఆ పాత కంచాన్ని ఎప్పుడో మిగతా కంచాల్లో కలిపేశాను. వడ్డిస్తుంటే వాడు వంటింటి గుమ్మంలో నిలబడి, మామూలుగానే అడిగాడు.

"అక్కా, నా కంచం ఏదీ?"

జవాబు చెప్పలేక, చేతికందిన కంచంలో పులిహోర పెట్టి ఇచ్చాను.