బంగారం కన్నా పాత సముద్రం

క్యాసంబళ్ళి కర్ణాటకలో ఉన్నా వీధిలో వినపడేది తెలుగే. కోలారు జిల్లాలో, కె.జి.ఎఫ్. బంగారు గనులకు దగ్గరి ఊరు. ఇటు వచ్చేవాళ్ళంతా గనుల సంగతే అడుగుతారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన ఆ గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, 2001లో మూతపడ్డాయి.

నేను వెళ్ళింది రాళ్ళ కోసం. ఈ ప్రాంతంలోనే పెద్దపల్లి దగ్గరి నల్లరాళ్ళను జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు.

"ఏమప్పా, ఆ రాళ్ళలో ఏముందని వచ్చినారు?" అని అడిగాడు టీ కొట్టు పెద్దాయన.

"సముద్రం ఉంది" అన్నాను.

"బోరు వేసినా నీళ్ళు పడని మా సీమలో సముద్రమా!" అని నవ్వాడాయన.

నవ్వు రావడం సహజమే. కాని ఆ రాళ్ళను చూడండి, దిండ్లు పేర్చినట్టు ఉంటాయి. లావా నీటి అడుగున పొంగితే పైపొర చటుక్కున గడ్డకడుతుంది. లోపలి వేడి ద్రవం ఆ పొరను చీల్చుకుని పక్కన మరో దిండుగా ఉబ్బుతుంది. మెత్తగా ఉండగానే కింది దిండ్ల సందుల్లోకి జారుతుంది. అందుకే పైభాగం గుండ్రంగా, అడుగు మొనదేలి ఉంటుంది. ఇది జరిగి సుమారు 270 కోట్ల ఏళ్ళయింది.

ఈనాటికీ హిందూ మహాసముద్రం మధ్య ఇదే పని సాగుతోంది. అక్కడ భూఫలకాలు రెండు వైపులకూ విడిపోతుంటే, ఆ చీలికలో లావా నిండి కొత్త నేల అవుతుంది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు, మన గోళ్ళు పెరిగినంత నెమ్మదిగా. పాత నేల సుమత్రా పక్కనున్న లాంటి అగాధాల్లో కుంగిపోతుంది. 2004 సునామీ పుట్టింది అక్కడే. అందువల్ల నేటి సముద్రగర్భంలో 20 కోట్ల ఏళ్ళు దాటిన నేల చాలా అరుదు.

మరి కోలారు రాళ్ళు ఎలా మిగిలాయి? సుమారు 80 కిలోమీటర్ల పొడవున్న ఈ సన్నని పట్టీకి ఇరువైపులా ఉన్న శిలల చరిత్ర వేరువేరు. రెండు భూఖండాలు కలిసిన అతుకు ఇదని 1980లలో కొందరు శాస్త్రజ్ఞులు వివరించారు. అంటే, వాటి నడుమ చిక్కుకుని బయటపడిన ముక్క ఇది. ఈ శిలల పగుళ్ళలోకి వేడినీరు మోసుకొచ్చిన బంగారం చేరింది ఆ తరువాతే.

సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్ళండి. దిండు ఆకారాన్ని వేలితో చూపించండి, ఫొటో తీసుకోండి. గుర్తుగా ఉంటుందని ముక్క కొట్టి మాత్రం తేవద్దు. గని మూసినా ఊరికి మిగిలిన ఆస్తి అది.