దొరగారూ, దొరసానమ్మా, నెల్లూరూ

చలి ముదిరింది. రాత్రి భోజనాలయ్యాక దుప్పటి కప్పుకుని కాసేపు కూర్చోండి, ఒక పాత జంట గురించి చెప్పుకుందాం. ఒంగోలు వైపు వాళ్లయితే మిషనరీ క్లౌ దొర పేరు చిన్నప్పటినుంచీ వింటూనే ఉంటారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్న మాట కూడా వినే ఉంటారు. ఆ అంకె ఎంత పెద్దదంటే, దాని వెనకాల నిలబడ్డవాళ్లు కనిపించరు. నేను చెప్పబోయేది ఆ వెనక ఉన్నవాళ్ల గురించే. లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యూఫీమియా. వాళ్లు లేకపోతే క్లౌ దొర ఒంగోలు చూసి ఉండేవాడే కాదని నా గట్టి నమ్మకం.

అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషన్‌ని మొదలుపెట్టింది శామ్యూల్ డే. ఆయన 1836లో విశాఖపట్నంలో దిగి, కొన్నాళ్లు శ్రీకాకుళంలో ఉండి, చివరికి 1840లో నెల్లూరు చేరాడు. ఆరోగ్యం చెడి ఇంటికి వెళ్లాడు, కోలుకున్నాడు, మళ్లీ బయల్దేరాడు. అలా రెండోసారి వస్తున్నప్పుడు వెంట వచ్చినవాళ్లే జ్యూయెట్ దంపతులు. 1848 అక్టోబరులో బోస్టన్‌లో ఓడెక్కితే నెల్లూరు చేరేసరికి 1849 ఏప్రిల్ అయింది. సూయజ్ కాలువ ఇంకా లేదు కదా, ఆఫ్రికా కొన చుట్టి రావాల్సిందే. ఒక చలికాలమంతా సముద్రం మీదే గడిచిపోయిందన్నమాట. దిగింది ఏ నెలలోనో చూడండి, ఏప్రిల్! అమెరికా ఉత్తరాన మంచు పడే ఊళ్లలో పెరిగినవాళ్లకి నెల్లూరి ఎండాకాలం ఎదురొచ్చింది.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో బోస్టన్‌నుంచి మద్రాసుకి మంచుగడ్డలు కూడా ఓడల మీదే వచ్చేవి. అక్కడి చెరువులు చలికాలంలో గడ్డకట్టినప్పుడు కోసి, పొట్టులో కప్పి పంపేవాళ్లు. వాటిని దాచడానికి 1842లో మద్రాసు సముద్రతీరాన కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. వివేకానందుడు బస చేసిన ఇల్లుగా మనకు తెలిసింది అదే. మద్రాసు దొరల గ్లాసుల్లోకి జ్యూయెట్ గారి దేశపు మంచు చేరేది. నెల్లూరు మాత్రం మద్రాసుకి నూట డెబ్బై కిలోమీటర్ల పైన. రైలు లేదు. బోయీలు మోసే పల్లకీయో, ఎద్దుబండో గతి. ఎండ వేళ ఆగి, రాత్రిళ్లు దివిటీ వెలుగులో నడిచే ప్రయాణాలు అవి.

వచ్చినవాళ్లకి మొదటి పని తెలుగు. బ్రౌన్ దొర నిఘంటువు అచ్చుకావడానికి ఇంకా మూడేళ్లుంది. అంతకుముందరి నిఘంటువులూ వ్యాకరణాలూ ఉన్నా, అసలు బడి మున్షీ గారి దగ్గరే. పొద్దున్నే ఆయన వచ్చి కూర్చుంటే గుణింతాలనుంచి మొదలు. ముప్పయ్యారేళ్ల మనిషి, కాలేజీలో లాటిన్, గ్రీకు చదివొచ్చినవాడు, నెల్లూరులో మళ్లీ పలక పట్టాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి తెలుగులో మొదటి ప్రసంగం చేశాడట. కొత్త భాష నేర్చుకోవడానికి కష్టపడ్డవాళ్లెవరికైనా ఆ ఎనిమిది నెలల విలువ తెలుస్తుంది.

ఇక వాళ్ల రోజులు ఎలా గడిచేవంటే, ఆ కాలపు మిషన్ ఇళ్లన్నిటిదీ ఇంచుమించు ఒకటే వరస. చుట్టూ చెట్లున్న కాంపౌండు, మధ్యలో వెడల్పాటి వరండాతో బంగళా, పక్కనే బడి, కాస్త దూరంగా ప్రార్థన మందిరం. పొద్దున చదువు, సాయంత్రం చల్లబడ్డాక బజారులో నిలబడి ప్రసంగం. వినడానికి జనం వచ్చేవాళ్లు. ప్రశ్నలు వేసేవాళ్లు, వాదించేవాళ్లు. మతం మార్చుకున్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చలికాలం రాగానే గుడారాలు బండ్లకెత్తుకుని ఊళ్ల మీద పడేవాళ్లు. మామిడితోపులోనో చెరువుగట్టునో మకాం, రెండు రోజులు చుట్టుపక్కల తిరగడం, మళ్లీ బండి కట్టడం.

దొరసానమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. పాత పుస్తకాల్లో ఆవిడ సాధారణంగా ‘మిసెస్ జ్యూయెట్’. యూఫీమియా అన్న పేరు వెతికితేగానీ దొరకదు. కానీ ఆ రోజుల్లో మన ఆడవాళ్ల దగ్గరికి, నట్టింట్లోకి, మగ మిషనరీ అడుగుపెట్టే వీలే లేదు. ఆడపిల్లల బడి అయినా, పెరటి గుమ్మం దగ్గర కూర్చుని మాట్లాడటమైనా, ఆడవాళ్లకు చదువు చెప్పడమైనా ఆడవాళ్లవల్లే సాగాలి. భార్య వెంట వచ్చింది అని రాసేవాళ్లు రాశారుగానీ, సగం మిషన్ ఆవిడ చేతుల్లో నడిచిందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. ఆ బడి నీడన పెరిగిన జూలియా అనే తెలుగమ్మాయి తర్వాత ఎంత దూరం వచ్చిందో చూద్దాం.

1853 వాళ్లకి గడ్డు సంవత్సరం. డే మళ్లీ జబ్బుపడి, ఈసారి శాశ్వతంగా వెళ్లిపోయాడు. నెల్లూరులో వీళ్లిద్దరే మిగిలారు. అదే ఏడాది అమెరికాలో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో, ఇంత ఖర్చు పెట్టినా ఫలితం కనబడని తెలుగు మిషన్‌ని మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. మ్యాపు మీద మిషన్ స్టేషన్లన్నీ గుర్తులు పెట్టి చూపిస్తే, బర్మా వైపు గుంపుగా ఉన్నాయి, ఇటువైపు నెల్లూరు ఒక్కటే. అందుకే దానికి ఒంటరి నక్షత్రం అన్న పేరొచ్చింది. ఆ సభకు వచ్చిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్, అమెరికా దేశభక్తి గీతం రాసిన కవే, ఆ రాత్రే ఆ నక్షత్రం మీద ఒక పద్యం రాశాడనీ, మర్నాడు అది విన్నవాళ్లు మనసు మార్చుకున్నారనీ చెబుతారు. అక్కడి చర్చలు ఇక్కడికి తెలియాలంటే నెలలు పట్టేది. తమ పని ఉంటుందో పోతుందో తెలియకుండానే రోజూ బడి గంట కొట్టి, రోజూ బజారుకి వెళ్లడం ఎంత గుండె నిబ్బరమో ఆలోచించండి.

ఆ చలికాలం పర్యటనలోనే ఒంగోలు చేరారు. 1854 జనవరి 1, తెల్లవారకముందే ఊరి పక్క కొండ ఎక్కారు. ఐదుగురు: జ్యూయెట్ దంపతులు, నర్సు అనే బోధకుడు, రూత్, జూలియా. లెక్క చూడండి, ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురు తెలుగువాళ్లు. ఒక్కొక్కరూ ప్రార్థన చేశారు. సూర్యుడు వచ్చాక జ్యూయెట్ కింద ముళ్లపొదల మధ్యనున్న ఒక స్థలాన్ని చూపించి, అది మన మిషన్ బంగళాకి బాగుంటుంది కదా అని జూలియాని అడిగాడట. ఒంగోలుకి మనిషిని పంపమని అడిగితే పన్నెండేళ్లకి గానీ రాలేదు. ఈలోగా జ్యూయెట్ ఒంగోలులో ఒక ఇల్లు కొని పెట్టుకున్నాడు. రాబోయే మనిషెవరో తెలియకముందే ఇల్లు సిద్ధం. ఇవాళ్టికీ ఆ కొండని ప్రార్థన కొండ అంటారు.

1862లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని జ్యూయెట్ అమెరికా వెళ్లాడు. అక్కడ మళ్లీ అదే మాట: మిషన్ మూసేద్దాం. పైగా అంతర్యుద్ధం నడుస్తోంది, డబ్బు కటకట. మీరు పంపకపోయినా నేను తెలుగువాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్ల మధ్యే చనిపోతానని ఆయన తేల్చి చెప్పాడట. అయితే మిమ్మల్ని పూడ్చిపెట్టడానికైనా ఇంకొకరిని తోడు పంపాలి అన్నారట పెద్దలు. ఆ ఇంకొకరే జాన్ క్లౌ, ఇరవై ఎనిమిదేళ్లవాడు, అంతకుముందు భూముల సర్వే పని చేసినవాడు. 1864 నవంబరులో క్లౌ దంపతులతో కలిసి యాభై ఒకటో ఏట జ్యూయెట్ మళ్లీ ఓడెక్కాడు. నెలల తరబడి ఓడలో ఆ పెద్దాయన దగ్గర కూర్చుని ఆ కుర్రాడు ఎన్ని సంగతులు విని ఉంటాడో అని నాకు తరచూ అనిపిస్తుంది.

ఆ తర్వాత కథ క్లౌది. 1866లో ఒంగోలు కాపురం, తొలి మాదిగ విశ్వాసుల్లో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య రాక, మాదిగపల్లెల్లో మార్పు, 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, తిండి దొరికేట్టు చూడటం. మతం విషయంలో ఎవరి అభిప్రాయం వారిది. కానీ ఆ కరువులో ఆకలిగొన్నవాళ్ల చేతికి పని చూపించిన పద్ధతి మాత్రం నాకెప్పుడూ గొప్పగానే తోస్తుంది.

మరి జ్యూయెట్ దంపతులు? వాళ్లు నెల్లూరులోనే తమ పని తాము చేసుకుపోయారు. ఒంగోలులో వేలమంది చేరుతుంటే సంతోషించారు, ఆ పేరులో వాటాకి రాలేదు. 1873లో డౌనీ అనే మిషనరీ దంపతులు నెల్లూరు వచ్చారు. పని వాళ్లకి అప్పజెప్పి, 1878లో, అరవై అయిదేళ్ల వయసులో, జ్యూయెట్ దంపతులు మద్రాసుకి మారి అక్కడ మళ్లీ మొదటినుంచి కొత్త స్టేషన్ పెట్టారు. విశ్రాంతికి సరైన వయసులో కొత్త ఊరు, కొత్త వీధులు! తెలుగు బైబిలు సవరణ పని కూడా ఆయనకి ఎన్నో ఏళ్లు పట్టింది. ఒకప్పుడు మున్షీ ముందు గుణింతాలు దిద్దినాయన, పండితులతో కూర్చుని ఒక్కో వాక్యం తూచే స్థాయికి వచ్చాడు. వయసు మీద పడ్డాక అమెరికా తిరిగి వెళ్లి 1897లో కన్నుమూశాడు.

జ్యూయెట్ దంపతుల కాలం పోయినా, నెల్లూరు, ఒంగోలు పాత మిషన్ బడుల్లో చదివిన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇంకా కొందరి ఇళ్లల్లో ఉన్నారు. వాళ్ల తల్లుల పేర్లు, వాళ్లకి అక్షరాలు దిద్దించిన పంతులమ్మల పేర్లు వాళ్ల నోట్లోనే ఉన్నాయి. దొరల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి. జూలియా, రూత్ లాంటివాళ్లవి రెండో మూడో పేర్లు ఎక్కాయి, మిగతావాళ్లవి ఎక్కలేదు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లి అడిగి రాసుకోండి. ఊరి పేరు, బడి పేరు, పంతులమ్మ పేరు, ఏ తరగతి దాకా చదివారు. అంత చాలు.